మెరుపు కార్డుకు దిష్టి తగలకుండా

ఎదురుగా కూర్చున్న కుర్రాడు మా అమ్మాయి కార్డుల కట్టను రెండు భాగాలు చేసి, కిందది పైకి మార్చి, బల్ల మీద పెట్టాడు. తర్వాత తన బొటనవేలు చూసుకున్నాడు. నిక్కరుకు తుడుచుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. ఆఖరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

నాకు ప్రమాదం తెలిసింది సరిగ్గా అప్పుడే. వేలు చూసుకున్నప్పుడు కాదు, తుడుచుకున్నప్పుడు కాదు, వాసన చూసినప్పుడు. ఆ వాసన ఏమిటో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. ఆముదం, కర్పూరం కలిసిన వాసన. మా వంటింట్లో నేను స్వయంగా పట్టిన కాటుక వాసన.

పిల్లలిద్దరూ నిద్రపోయారు, మా ఆయన నైట్ షిఫ్టుకు వెళ్ళారు, కాబట్టి తీరిగ్గా చెబుతాను. చదువుకున్న తల్లి ఒకావిడ తన కూతుర్ని నిండు హాల్లో దొంగగా నిలబెట్టిన కథ ఇది. అందుకు ఆవిడ వాడిన ఆయుధాలు రెండు: ఒక చిటికెన వేలు, ఒక కాటుక భరిణె. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళికి ముందు డిగ్రీ పిల్లలకు సంభావ్యత పాఠాలు చెప్పిన మనిషి. ఆ మనిషి ఎవరో మీరీపాటికి కనిపెట్టే ఉంటారు.

మా హాసినికి పదేళ్ళు. నిరుడు మేము పెందుర్తి నుంచి గాజువాకకు ఇల్లు మారాం, దాంతో బడీ మారింది. కొత్త బడిలో చాలాకాలం మా పిల్ల మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తినేది. "ఎవరితో తిన్నావమ్మా?" అని అడిగితే "నాతోనే" అనేది. ఆ జవాబు విన్న పూట నాకు ముద్ద దిగేది కాదు. అలాంటిది ఒకరోజు బ్యాగు విసిరేస్తూ "ఇవాళ అందరం కలిసి తిన్నాం" అంది. ఈ అద్భుతం ఎలా జరిగిందని అడిగితే, కార్డులు అంది.

నాకు గుండె ఆగినంత పనైంది. పేకాట అనుకున్నాను. పేక కాదట. ఒక్కో కార్డు మీద ఒక డేగో, రాక్షసుడో, మంత్రగత్తో ఉంటారట. ఎవరికి కావలసినవి వాళ్ళు కొనుక్కుని, మార్చుకుని, సొంతంగా ఒక కట్ట తయారు చేసుకుని, ఎదురెదురుగా కూర్చుని యుద్ధం చేస్తారట. ఎదుటివాళ్ళ కోట ద్వారాలన్నీ ముందుగా మూసేసినవాళ్ళు గెలిచినట్టట.

"పేకే. పేరు మార్సినారంతే" అన్నారు మా ఆయన, బూట్లు విప్పుకుంటూ.

"కాదు నాన్నా, దీనికి రూల్స్ ఉంటాయి."

"పేకకి నేవేటి?"

అలా ఆ కార్డులు మా ఇంట్లో కుటుంబ సభ్యులయ్యాయి. అందరికంటే పెద్దమనిషి నిప్పుల డేగ. మెరుపు కార్డు అది. అటూ ఇటూ వంచితే రెక్కలు కొట్టుకున్నట్టు మెరుస్తుంది. మా పిల్లకు దోస్తుల్ని తెచ్చిపెట్టిన పక్షి కాబట్టి నాకు దాని మీద అల్లుడి మీద ఉండాల్సినంత గౌరవం ఏర్పడింది.

ఇక మా ఊరి గాలి సంగతి. గాజువాకలో పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. పైగా సముద్రపు తేమ. డబ్బాలో ఉప్పు దానంతటదే నీరై కూర్చుంటుంది. వేయించిన అప్పడం కంచంలోకి వచ్చేలోపే మెత్తబడి తల వాలుస్తుంది. వానాకాలం మొదలైన వారంలోనే హాసిని కళ్ళనిండా నీళ్ళతో వచ్చి, "అమ్మా, డేగ వంగిపోతోంది" అంది.

చూద్దును కదా, నిజంగానే కార్డు అంచులు పైకి లేచి చిన్న పడవలా తయారైంది. మెరుపు కార్డులకు తేమ తగిలితే అలాగే అవుతుందట. దాన్ని నిఘంటువు కింద పడుకోబెట్టి, జ్వరం వచ్చిన బిడ్డను చూసినట్టు మాటిమాటికీ వెళ్ళి చూశాను. థర్మామీటర్ ఒక్కటే పెట్టలేదు. కార్డులకు తొడుగులు దొరుకుతాయని, వాటిని స్లీవులంటారని హాసిని చెప్పగానే, పిల్లలిద్దర్నీ తీసుకుని బస్సెక్కి ద్వారకానగర్ వెళ్ళాను.

"స్లీవులు కావాలండీ" అన్నాను షాపతనితో, జాకెట్టు గుడ్డ అడిగినంత ధీమాగా.

"లోపలివా మేడమ్, పైవా?"

"రెండుంటాయా?"

"లోపలిది బిగుతుగా ఉంటాది. దాన్ని తలకిందులుగా తొడిగి, దాని మీద పైది మామూలుగా తొడిగితే దుమ్ము దూరడానికి దారుండదు."

దుమ్ముకు దారి లేకపోవడం అన్న మాట గాజువాక ఇల్లాలి చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో వేరే చెప్పాలా. రెండూ ఇమ్మన్నాను.

"మెరుపు లేని మ్యాటా, గ్లాసీనా?"

"గ్లాసీ అయితే మెరుస్తాయి కదా."

"మెరుస్తాయి గాని మన వైజాగ్ తేమకి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకటి తీత్తే మూడొత్తాయి. మ్యాటైతే చేతిలో జారకుండా బాగా కలుస్తాయి. వెనకవైపు రంగుదే తీసుకోండి. గీతలు పడినా కనబడదు. వెనక నుంచి చూస్తే కార్డులన్నీ ఒక్కలాగే ఉండాలి మేడమ్. స్లీవుకి అసలు పనదే."

ఆ చివరి రెండు వాక్యాలు దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అతను నల్ల రంగు చూపించాడు. ఆడబోతూ నలుపేమిటని లేత పసుపు తీసుకున్నాను. తర్వాత ప్లేమ్యాట్. పైన గుడ్డ, కింద రబ్బరు ఉన్న పరుపులాంటిది. దాన్ని బల్ల మీద పరుచుకుని ఆడితే కార్డులు అరగవు. రబ్బరు వాసన చూశాను. అంచులకు కుట్టు ఉందో లేదో చూశాను. ఉతకవచ్చా అని అడిగాను. అన్నీ బాగానే ఉన్నాయి కాని, ఏది విప్పినా పుర్రెలు, మంటలు, కోరలు.

"ఏ పువ్వులో ఉన్నది లేదా?"

"ఇది యుద్ధం గేమ్ మేడమ్."

"యుద్ధానికెళ్తే మాత్రం పుర్రె ముఖం చూసి వెళ్తామా?"

అతను నిట్టూర్చి, ఎవరూ కొనక అడుగున పడి ఉన్న ఒకదాన్ని దులిపి ఇచ్చాడు. తామర కొలను. హాసిని దాన్ని చూసి, నన్ను చూసి, పెద్ద మనసుతో ఊరుకుంది. మా నాలుగేళ్ళ బిట్టు మాత్రం పుర్రె మ్యాటు వదలనని ఏడ్చాడు.

ఇంతవరకు నా తప్పేమీ లేదు. తప్పు, హాసిని పేరిచ్చిన కార్డుల పోటీకి ముందురోజు సాయంత్రం మా ఇంటికి టీ తాగడానికి వచ్చింది.

పక్కింటి కుమారి గారు మంచావిడ. నిప్పుల డేగను చేతిలోకి తీసుకుని, "ఓలమ్మ, ఏటా మెరుపు. కళ్ళు తిప్పుకోనేకపోతన్నాను" అన్నారు. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేలోపు బిట్టు ఆ కార్డును నోట్లో పెట్టుకుని కొరికాడు. పంటిగాటు స్లీవు మీదే ఆగింది కాబట్టి డేగ బతికింది. దానికి కొత్త స్లీవు తొడిగాం. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. ఒక్కసారైతే యాదృచ్ఛికం అనుకునేదాన్ని. కాని కుమారి గారు మా కుక్కర్ని మెచ్చుకున్న వారమే దాని పిడి ఊడింది. రెండు ఉదాహరణలు చూసి సిద్ధాంతం చేయకూడదని ఒకప్పుడు క్లాసులో బల్ల గుద్ది చెప్పింది ఈ నోరే.

మర్నాడు పొద్దున్న హాసిని స్నానానికి వెళ్ళగానే కట్ట విప్పాను. పెద్ద కార్డులేవో నాకు తెలుసు. పిల్ల నాకు ఎన్నోసార్లు చూపించింది. డేగ, మంచు ఏనుగు, పాతాళ మంత్రగత్తె, మరొకటేదో ఉరుముల ఎద్దు. ముందువైపు పెడితే బొమ్మ పాడవుతుంది కాబట్టి ఒక్కోదానికి వెనకవైపు మూలన, లేత పసుపు మీద, ముద్దుగా ఒక కాటుక చుక్క పెట్టాను. మిగతా వాటి జోలికి పోలేదు. ఇసుక పీత లాంటి బీద కార్డుకు దిష్టి పెట్టే ఓపిక ఎవరికుంటుంది?

సంభావ్యత పాఠం చెప్పినదాన్ని కదా. తర్వాత రాబోయే కార్డేదో ఎవరూ ముందే చెప్పలేకపోవడం మీదే ఆ ఆటంతా నిలబడి ఉందని నాకు తట్టలేదు.

పోటీ పెందుర్తిలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. హాసిని బడి దోస్తులు కూడా చూడటానికి వచ్చారు. తల్లిదండ్రులకు గోడవారన ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బిట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన కూర్చున్నావిడ పేరు నూకరత్నం. జాలరిపేట వాళ్ళు, సొంత పడవ ఉందట. హాసినికి ఎదురుగా కూర్చున్న చరణ్ ఆవిడ కొడుకే.

"మా గుంటడికి ఎక్కాలు రావు గాని ఈ బొమ్మల పేర్లన్నీ సూడకుండా సెప్తాడు" అంది నవ్వుతూ. "మీ గుంటేనా ఆ పువ్వుల గుడ్డ యేసుకుని కూకుంది? బాగుంది, సల్లగా."

తామర మ్యాటును మెచ్చుకున్న మొదటి మనిషి. నాకావిడ తెగ నచ్చేసింది. అంతలోనే ఆవిడ కొడుకు వేలు వాసన చూసుకున్నాడు.

"అక్కా, నా సేతికి మసైంది" అని పిలిచాడు చరణ్.

మెడలో జడ్జి అన్న ట్యాగు వేసుకున్న ఇంజనీరింగ్ అమ్మాయి వచ్చింది. పేరు ప్రత్యూష. కట్టను బోర్లా పెట్టి తామర కొలను మీద విసనకర్రలా పరిచింది. పసుపు పచ్చని వరసలో అక్కడక్కడ నల్లని చుక్కలు. మా ఇంటి గడపలా ఎంత శుభంగా ఉందో. చుక్కలున్నవి ఒక్కొక్కటే తిరగేసింది. డేగ. ఏనుగు. మంత్రగత్తె. ఎద్దు.

"ఈ చుక్కలేంటి పాపా?"

"నాకు తెలీదక్కా."

"బలమైన కార్డులకే ఉన్నాయి."

"నేను పెట్టలేదు."

వెనక నుంచి ఎవరో పిల్లాడు "మార్క్ చేసిన డెక్ రా" అన్నాడు, అంటే గుర్తులు పెట్టుకున్న దొంగ కట్ట అని. హాసిని జడ్జిని చూడలేదు, నన్నూ చూడలేదు. గోడ దగ్గర నిలబడ్డ బడి దోస్తుల్ని చూసింది. ఇంతసేపూ నవ్విస్తూ వచ్చాను కాని ఆ చూపు మీద హాస్యమాడటం నా వల్ల కాదు. రేపు మధ్యాహ్నం మళ్ళీ నాతోనే తినాలా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

బిట్టును నూకరత్నం ఒళ్ళోకి తోసి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఆ చుక్కలు నావండీ."

"మీవా?"

"నేనే పెట్టాను. పాపకు తెలీదు. దిష్టికి పెట్టాను."

"ఎవరి దిష్టి?"

"ఒకరిదని కాదండీ. జనరల్‌గా."

ప్రత్యూష నుదురు రుద్దుకుంది. "మరి వీటికి మాత్రమే ఎందుకు పెట్టారు?"

"మిగతావి అంత బాగుండవండీ."

హాలు గొల్లుమంది. నేరం ఒప్పుకోవడం వేరు, నేరానికి శాస్త్రీయ వివరణ ఇవ్వడం వేరు. నేను రెండూ చేశాను.

"మేడమ్, రూల్స్‌లో దిష్టి అని ఎక్కడా లేదండీ" అంది ప్రత్యూష.

"నేకపోతే మాత్రం తగలకుండా ఉంటాదేటమ్మా?" నూకరత్నం బిట్టును చంకనేసుకుని వచ్చేసింది. "మా పడవకి కూడా ఎడతాం. తల్లి మనసు, ఎట్టుకుంది. నీకు మీ యమ్మ ఎట్టలేదేటి?"

"పెట్టేదండీ. ఇప్పటికీ పరీక్షలకెళ్తుంటే అరికాలికి పెడుతుంది." ప్రత్యూష కూడా నవ్వింది. "కానీ నన్నెవరూ షఫుల్ చెయ్యరు కదా."

నూకరత్నం బిట్టును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"పాప మోసం చెయ్యలేదని నాకు అర్థమైంది. అందరికీ చెబుతాను కూడా," అంది ప్రత్యూష గొంతు పెంచి, బడి పిల్లలకు వినపడేలా. "కానీ ఈ కట్టతో ఆడనివ్వలేను. పక్క బల్లల ఆటలు ముగిసేలోపు స్లీవులన్నీ ఒక్కలా చేసుకుని వస్తే ఆడొచ్చు. లేకపోతే ఆట చరణ్‌దే."

అదెంత పని అనుకుని డేగను తీసుకుని చున్నీతో తుడిచాను. ఆముదం కాటుక సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ కళ్ళు మూసుకోండి. చుక్క మబ్బైంది. మబ్బు స్లీవంతా కమ్ముకుంది. ఇందాక చుక్కను వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా ఇది డేగ అని తెలిసిపోతుంది.

"అమ్మా," అంది హాసిని చాలా మర్యాదగా, "నువ్వింక దేన్నీ ముట్టుకోకు."

"పోనీ మిగతా అన్నిటికీ కూడా చుక్కలు పెట్టేస్తే ఒక్కలాగే ఉంటాయి కదా. భరిణె బ్యాగులోనే ఉంది."

"మేడమ్, భరిణె లోపల పెట్టండి" అంది ప్రత్యూష.

మిగిలిన స్లీవులు ఉండాలి కదా అని బ్యాగు వెతికాను. ఉన్నాయి. వాటినిండా వేయించిన శనగపప్పు ఉంది. బిట్టు బస్సులో తినడానికి ఒక్కో స్లీవులో కొంచెం కొంచెం సర్దుకున్నాడట. దుమ్ము దూరకుండా. కొత్తవి కొందామంటే షాపు ద్వారకానగర్‌లో ఉంది.

అప్పుడు చరణ్ నసిగాడు. "అక్కా, నా కాడ ఇప్పని ప్యాకెట్టు ఒకటుంది. ఇచ్చేదా?"

"ఇస్తే నువ్వు ఊరికే గెలిచే ఆట పోతుంది" అంది ప్రత్యూష.

"ఆడకుండా గెలిస్తే మాయమ్మ ఒప్పుకోదు. ఎవర్ని ఓడించినావు, ఎలా ఓడించినావు అని అంతా సెప్పమంటాది."

"సెప్పమంటాను మరి. సముద్రానికెళ్ళకుండా సేపలు తెచ్చినాననొచ్చేటి?" అంది వాళ్ళమ్మ.

ప్యాకెట్టు విప్పాడు. నల్లటి స్లీవులు. ప్రతిదాని వెనకా తెల్లగా, పళ్ళికిలించి నవ్వుతూ, ఒక పుర్రె.

ఏ పుర్రె ముఖం చూడనని షాపంతా తిరగేయించానో ఆ పుర్రెల్ని, నా చేత్తో, నా కూతురి కార్డులన్నిటికీ తొడిగాను. హాసిని, చరణ్ పాతవి ఊడదీస్తుంటే నేనూ నూకరత్నం కొత్తవి తొడిగాం. లోపలి తొడుగులు అలాగే ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. నూకరత్నం మొదటి నాలుగైదూ తిరగేసి తొడిగింది. "ముకం ఇటేపా, పుర్రె ఇటేపా?" అని అడిగి మళ్ళీ సర్దింది. నా ముఖం చూసి మోచేత్తో పొడిచింది.

"దిగులేటికమ్మా? కొత్తింటికి రాచ్చసుడి బొమ్మ కట్టమేటి? పుర్రెలుండగా ఇంక దిష్టేటి తగుల్తాది?"

నా చేయి ఆగిపోయింది. నిజమే కదా. ఆ షాపంతా దిష్టిబొమ్మలతో నిండి ఉంటే, నేను వాటన్నిటినీ కాదని తామర పువ్వు కొనుక్కుని, ఇంటికొచ్చి దిష్టి అని ఏడ్చాను.

పక్క బల్లల ఆటలు ముగిసేసరికి మేమూ ముగించాం. తామర కొలను మీద పుర్రెల కట్ట పెట్టుకుని మా పిల్ల ఆట మొదలుపెట్టింది. ప్రత్యూష కట్ట వెనకవైపు చూసి తలూపింది.

నిప్పుల డేగ వచ్చింది. వచ్చిన మరుక్షణం చరణ్ దాన్ని పడగొట్టాడు. ఏనుగూ ఎద్దూ అదే దారి పట్టాయి. నేను కుర్చీలో గోళ్ళు కొరుక్కుంటుంటే, హాసిని చాలాసేపు ఆలోచించి ఒక కార్డు పెట్టింది. ఇసుక పీత. నేను చుక్కకు కూడా పనికిరాదనుకున్న పీత. అది అడ్డంగా నడుచుకుంటూ పోయి చరణ్ కోటలో మిగిలిన ఒక్క ద్వారం మూసేసింది. ఆట హాసినిది.

"అదీ పీత పని," అంది నూకరత్నం కొడుకు ఓడినా మురిసిపోతూ. "పీతని తక్కువ సూడకూడదని మావోడికి పుట్టినకాడ్నుంచి సెప్తన్నాను."

తర్వాతి రౌండులోనే మా పిల్ల చిత్తుగా ఓడిపోయింది. దాన్ని గురించి ఎవరూ బాధపడినట్టు లేదు. మండపం మెట్ల మీద పిల్లలంతా గుంపుగా కూర్చుని డబ్బాలు తెరిచారు. బడి దోస్తులు, చరణ్, ఇంకెవరెవరో. అందరూ హాసినిని ఒకటే అడుగుతున్నారు, నిజంగా మీ అమ్మ కార్డులకి దిష్టి చుక్క పెట్టిందా అని. మా పిల్ల నన్ను అనుకరిస్తూ "మిగతావి అంత బాగుండవండీ" అని చెబుతుంటే పడి పడి నవ్వుతున్నారు. నేను దూరంగా నిలబడి, నా పరువు పోతుంటే ఇంత హాయిగా ఉందేమిటా అని ఆశ్చర్యపోయాను.

తిరుగు బస్సులో అలవాటుగా అడిగాను. "ఎవరితో తిన్నావమ్మా?"

"చూసుకోలేదమ్మా," అంది కిటికీలోంచి చూస్తూ. "చాలామంది ఉన్నారు."

ఈరోజు పొద్దున్న పిల్లలిద్దర్నీ బడికి తయారు చేసి, వరసగా నిలబెట్టి, దీపం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ ఇంట్లో కార్డులకు, స్లీవులకు, మ్యాటుకు, ఇకముందు రాబోయే మరే ఆటవస్తువుకూ నా చిటికెన వేలు తగలదు. నిప్పుల డేగ మెరిస్తే మెరవనీ. ఎవరు చూస్తే వాళ్ళను చూడనీ.

"పీతకి కూడా?" అంది హాసిని అనుమానంగా.

"పీతకి కూడా."

ప్రతిజ్ఞ ముగించి, భరిణె మూత తీసి, వంగి, హాసిని సాక్సు కిందికి లాగాను.

"అమ్మా, ఇప్పుడే కదా ఒట్టేశావు."

"కార్డులకి వేశాను," అన్నాను దాని అరికాలికి చుక్క పెడుతూ. బిట్టు అప్పటికే రెండు కాళ్ళూ చాపేశాడు. "మీరు కదలకుండా నిలబడండి. మిమ్మల్నెవరూ షఫుల్ చెయ్యరు."